కారు హెడ్‌లైట్లకు సొంత లైను: రిలేతో కొత్త లైట్లు బిగించడం ఎలా?

శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం వైపు 16వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రిపూట వెళ్తే హెడ్‌లైట్ల లోటు అంతగా తెలియదు. రోడ్డు నున్నగా ఉంటుంది, మధ్యలో డివైడర్ ఉంటుంది, ముందు పోయే లారీ వెనక లైట్లు దారి చూపిస్తాయి. అదే చిలకపాలెం దగ్గర హైవే దిగి రాజాం రోడ్డు పట్టండి. కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్లు పేర్చి ఉంటారు. మలుపు తిరిగాక గానీ గేదెలు కనిపించవు. ఎదురుగా వచ్చేవాడు బ్రైట్ దించడు. మన లైట్ల బలం ఎంతో అప్పుడు తేలిపోతుంది.

మర్నాడు చాలామంది షాపుకి వెళ్లి ఎక్కువ వెలుగొచ్చే బల్బు కావాలని అడుగుతారు. షాపువాళ్లు 100/90 వాట్ల (బ్రైట్‌లో 100, డిమ్‌లో 90) హాలోజెనో, పెట్టె మీద పెద్ద పెద్ద అంకెలు వేసిన ఎల్ఈడీయో చేతిలో పెడతారు. నా దృష్టిలో ఇది తలకిందుల వరస. ముందు చూడాల్సింది, ఉన్న బల్బు దాకా కరెంటు ఎంత చేరుతోందని. కాస్త వయసైన కార్లలో అసలు లోపం ఎక్కువగా అక్కడే దొరుకుతుంది. బ్యాటరీ నుంచి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపి, తెంపే స్విచ్) ద్వారా లైట్లకు సొంత లైను వేస్తే కంపెనీ ఇచ్చిన 60/55 బల్బే కొత్త బల్బులా వెలుగుతుంది. వేరే లైట్లు బిగించాలని మీరు నిర్ణయించుకున్నా వాటికీ ఆ లైనే ఆధారం.

ఇక్కడ చెప్పేదంతా హెచ్4 బల్బులున్న కార్ల గురించి. ఒకే బల్బులో డిమ్, బ్రైట్ రెండూ ఉండి, వెనక మూడు పిన్నులు ఉంటే అది హెచ్4. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలా వాటికి ఇదే. కంపెనీ నుంచే ఎల్ఈడీ లైట్లతో వచ్చిన కారు అయితే దాని వైర్ల జోలికి వెళ్లకండి. వారంటీ ఇంకా నడుస్తున్న కారైతే వైరు ముట్టుకునే ముందు సర్వీస్ సెంటర్‌లో అడగండి. బయట చేయించిన వైరింగ్ చూపించి క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంటుంది.

ముందు కొలత

స్పానర్ పట్టక ముందే పగటిపూట లైటు అద్దం వంక ఒకసారి చూడండి. ప్లాస్టిక్ అద్దం పసుపెక్కి మసకబారితే లోపల ఎంత కరెంటు ఉన్నా వెలుగు బయటికి రాదు. 800 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 2000 దాకా, నీళ్లు చల్లుతూ రుద్ది, పాలిష్ పడితే చాలావరకు తేటపడుతుంది. అలా రుద్దినప్పుడు అద్దం మీదున్న రక్షణ పూత కూడా పోతుంది. మళ్లీ పూత వేయించకపోతే ఎండకు తొందరగా పసుపు తిరుగుతుంది.

తర్వాత మల్టీమీటర్. డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టండి. ఇంజిన్ ఆన్ చేసి, లైట్లు డిమ్‌లో వేసి, బ్యాటరీ ప్లస్, మైనస్‌ల మధ్య కొలవండి. మామూలుగా 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య కనిపిస్తుంది. 13 కూడా దాటకపోతే ఆల్టర్నేటర్, బెల్టు, బ్యాటరీ టెర్మినల్స్ సంగతి ముందు చూడాలి, లైట్ల పని తర్వాత.

బ్యాటరీ బాగుందని తేలాక అసలు పరీక్ష. ఒక ప్రోబ్ బ్యాటరీ ప్లస్ మీద పెట్టండి. రెండోది హెడ్‌లైట్ కప్లర్ (బల్బు వెనక గుచ్చే వైర్ల ప్లగ్గు) వెనకనుంచి దూర్చి, బల్బుకి ప్లస్ తెచ్చే పిన్నుకి తగిలించండి. కప్లర్ బల్బుకి తగిలించే ఉండాలి, లైటు వెలుగుతూనే ఉండాలి. మీటరు చూపించే అంకె, దారిలో పోయిన వోల్టేజి. ఆ తర్వాత మైనస్ వైపు పిన్నుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య కూడా ఇలాగే చూడండి. ఎర్త్ (మైనస్) వైపు పోయేది చాలామంది కొలవరు. కానీ తుప్పు పట్టిన ఒక్క ఎర్త్ బోల్టే సగం వెలుగు తినేసిన కార్లు ఉంటాయి. రెండు అంకెలూ కలిపి అర వోల్టు లోపే ఉంటే మీ వైరింగ్ బాగున్నట్టే, బల్బు పాతబడిందేమో చూసుకుంటే చాలు. వోల్టు, వోల్టున్నర పోతుంటే కింద చెప్పిన పనంతా మీకోసమే.

ఒక్క వోల్టుకే ఇంత రాద్ధాంతమా అనిపించొచ్చు. హాలోజెన్ బల్బు వెలుగు వోల్టేజి తగ్గినంతే తగ్గదు, అంతకన్నా చాలా వేగంగా పడిపోతుంది. లెక్క ప్రకారం వెలుగు వోల్టేజికి సుమారు 3.4వ ఘాతంలో మారుతుంది. 13.5 వోల్టులు అందాల్సిన బల్బుకి 12 అందితే వోల్టేజి తగ్గింది 11 శాతమే, వెలుగు మాత్రం దాదాపు మూడో వంతు పోతుంది. వంశధార కాలువ శివారు రైతుకి ఇది వేరే చెప్పక్కర్లేదు: తల దగ్గర నిండుగా పారే నీరు చివరి మడి దాకా వచ్చేసరికి ఎంత మిగులుతుందో ఆయనకు తెలుసు.

మరి ఆ వోల్టేజి ఎక్కడ పోతుంది? చాలా పాత కార్లలో హెడ్‌లైట్ కరెంటు మొత్తం బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టెకి, అక్కడి నుంచి స్టీరింగ్ పక్కనున్న స్విచ్‌కి, మళ్లీ వెనక్కి ముందు బంపరు దాకా తిరిగి వస్తుంది. సన్నటి వైరు, అన్ని కప్లర్లు, అరిగిన స్విచ్ కాంటాక్టులు. ఉదాహరణకు 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకి మీటరుకి సుమారు 26 మిల్లీ ఓముల నిరోధం ఉంటుంది. రెండు లైట్లకూ కలిపి 10 ఆంపియర్లు అందులో మూడు మీటర్లు నడిస్తే ముప్పావు వోల్టు వైరులోనే పోతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేసి, దూరం రెండు మీటర్లకు కుదిస్తే పోయేది 0.16 వోల్టు. రిలే కిట్ చేసే గొప్పంతా ఇదే.

ఏ లైటు పెట్టాలి

100/90 బల్బు వద్దు. 100 వాట్లంటే ఒక్కో బల్బు 8 ఆంపియర్ల పైన లాగుతుంది, రెండూ కలిపి 16 దాటుతుంది. కంపెనీ వైరు, స్విచ్ దానికి తయారైనవి కావు. రిలే పెట్టి వైరింగ్‌ని కాపాడినా వేడిని ఆపలేరు. ప్లాస్టిక్ హోల్డర్ కరుగుతుంది, రిఫ్లెక్టర్ మెరిసే పూత పొక్కులొస్తుంది. ఒకసారి రిఫ్లెక్టర్ పోయాక ఏ బల్బు పెట్టినా లాభం లేదు, మొత్తం లైటు మార్చాల్సిందే.

ఎల్ఈడీ విషయంలో పెట్టె మీద అంకె నమ్మకండి. మీటరుని 10 ఆంపియర్ల రేంజిలో వరుసలో కలిపి కొలవండి. 2 ఆంపియర్లు లాగుతుంటే, పెట్టె ఏం చెప్పినా, అది 26 వాట్ల బల్బు. అదేమీ చెడ్డది కాదు. వాట్ల కన్నా ముఖ్యమైనది చిప్పులు ఎక్కడున్నాయన్నది. హాలోజెన్ తీగ ఉండే చోటే, అంతే సన్నగా ఎల్ఈడీ చిప్పులు ఉంటేనే రిఫ్లెక్టర్ వెలుగుని రోడ్డు మీద సరిగ్గా పరుస్తుంది. లేదంటే వెలుగు చెట్ల మీద, ఎదుటివాడి కళ్లలో పడుతుంది. బిగించేటప్పుడు చిప్పులు రెండు పక్కలకీ, అంటే గడియారంలో 3, 9 అంకెల వైపు చూసేలా తిప్పుకోండి. రంగు మరీ నీలంగా ఉన్నవి వద్దు. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు మంచులో, తుపాను వానలో ఆ నీలి తెలుపు ఎదురుగా తెర కట్టినట్టు అవుతుంది. వెలుగు రంగుని కెల్విన్‌లలో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ నీలం ఎక్కువ; 4300 కెల్విన్ దగ్గర ఉన్నది కంటికి నయం.

హెచ్‌ఐడీ కిట్ల (తీగ బదులు వాయువులో మెరుపుతో వెలిగేవి) మీద నాకు మంచి అభిప్రాయం లేదు. వెలిగేటప్పుడు ఇగ్నైటర్ 20 వేల వోల్టుల పైన పుట్టిస్తుంది, దాని వైర్లతో ఆటలొద్దు. పైగా హాలోజెన్ రిఫ్లెక్టర్‌లో పెట్టిన హెచ్‌ఐడీ ఎదుటివాడికి నరకం.

బల్బు కాకుండా మొత్తం లైటే మార్చి ప్రొజెక్టర్ సెట్ (ముందు గుండ్రటి కటకం ఉండే లైట్లు) పెట్టాలనుకుంటే ఒక గుర్తు వెతకండి. మనం రోడ్డుకి ఎడమ పక్కన నడుపుతాం. అందుకే మన డిమ్ లైటు వెలుగు కుడివైపు అడ్డంగా తెగి, ఎడమ అంచు వైపు కాస్త పైకి లేవాలి. యూరప్ ప్రమాణంతో చేసిన లైట్ల అద్దం మీద దీనికి బాణం గుర్తు ఉంటుంది. లైటుకి ఎదురుగా నిలబడి చూస్తే బాణం మీ కుడివైపు చూపిస్తుంటే అది ఎడమ పక్కన నడిపే దేశాలకు చేసింది. యూరప్ ప్రమాణం ముద్ర ఉన్నా బాణం లేకపోతే కుడి పక్కన నడిపే దేశాల లైటు. చవగ్గా వచ్చిందని కొంటే మీ డిమ్ లైటు నేరుగా ఎదుటివాడి ముఖం మీదకి లేస్తుంది, ఎంత సర్దినా కుదరదు.

చట్టం మాట కూడా తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ బండిలో మార్పుల గురించి చెబుతుంది. 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పుకి యజమాని మీద ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 111వది ముందు వైపు స్పాట్ లైట్లను నిషేధిస్తుంది. కంపెనీ వాట్లు దాటకుండా వైరింగ్ మాత్రమే బాగుచేసుకుంటే ఈ టెన్షన్ ఉండదు. నేను ముందు వైరింగ్ చేయమనడానికి ఇదీ ఒక కారణం.

సామాను

రెండు నాలుగు పిన్నుల రిలేలు, 12 వోల్టులవి, 30 లేదా 40 ఆంపియర్లవి, హోల్డర్లతో సహా. లారీల ఊరైన సాలూరులో రిలే ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతుంది, కానీ చాలా లారీలు 24 వోల్టులవి. మీద అంకె చూడకుండా తెచ్చుకుంటే మీ కారులో ఆ రిలే టక్కుమనదు.

మూతున్న బ్లేడ్ ఫ్యూజు హోల్డర్లు రెండు, 15 ఆంపియర్ల ఫ్యూజులు నాలుగు. హెచ్4 సిరామిక్ హోల్డర్లు రెండు. పాత కప్లర్ దూరే హెచ్4 మగ కప్లర్ ఒకటి. రిలేల దాకా, రిలేల నుంచి లైట్ల దాకా 2.5 చదరపు మిల్లీమీటర్ల ఆటో వైరు. రిలేకి సంకేతం ఇచ్చే వైరు 0.75 చాలు. లగ్గులు (వైరు కొసకి నొక్కే లోహపు ముక్కలు), హీట్ ష్రింక్ స్లీవులు (వేడి చేస్తే బిగుసుకునే గొట్టాలు), ముడతల ప్లాస్టిక్ గొట్టం, కేబుల్ టైలు, క్రింపింగ్ ప్లయర్, 10 నంబరు స్పానర్.

రెడీమేడ్ కిట్ కొన్నా తప్పులేదు, చాలామందికి అదే సులువు. కొనేముందు వైరు కొస కాస్త గీరి చూడండి. పైన రాగి రంగు ఉండి లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూసిన అల్యూమినియం. వైరు లావుగా కనిపించినా అంత కరెంటు మోయదు, లగ్గు దగ్గర పుటుక్కున తెగుతుంది. రంగురంగుల ప్యాకెట్ కన్నా ఈ పరీక్ష ముఖ్యం.

పాత కప్లర్ ఏ రకం?

ఇక్కడ తొందరపడితే తర్వాత పనంతా తప్పవుతుంది. కొన్ని కార్లలో స్విచ్ ప్లస్‌ని పంపుతుంది, ఎర్త్ ఎప్పుడూ తగిలే ఉంటుంది. కొన్నిట్లో, ముఖ్యంగా సుజుకి, టయోటా లాంటి జపాన్ డిజైన్లలో కొన్నిట్లో, ప్లస్ ఎప్పుడూ బల్బు దగ్గరే ఉండి స్విచ్ ఎర్త్‌ని తెంపుతుంది, కలుపుతుంది. వైర్ల రంగు చూసి ఊహించకండి, కొలవండి.

రెండు లైట్ల కప్లర్లూ పీకేయండి. ఒక్కటే పీకితే రెండో బల్బు తీగ ద్వారా కరెంటు తిరిగొచ్చి మీటరు అబద్ధం చెబుతుంది. లైట్లు డిమ్‌లో వేసి, నల్ల ప్రోబ్ బ్యాటరీ మైనస్ మీద పెట్టి, కప్లర్‌లోని మూడు పిన్నులూ ఒక్కొక్కటిగా చూడండి. తర్వాత బ్రైట్‌లో వేసి మళ్లీ చూడండి. 12 వోల్టులు డిమ్‌లో ఒక పిన్ను మీద, బ్రైట్‌లో ఇంకో పిన్ను మీద కనిపిస్తే మామూలు రకం. స్విచ్ ఎటు తిప్పినా ఒకే పిన్ను మీద 12 వోల్టులు ఉంటే ఎర్త్ స్విచ్ రకం. అప్పుడు ఎర్ర ప్రోబ్ బ్యాటరీ ప్లస్ మీద పెట్టి మిగతా రెండు పిన్నులూ చూస్తే, డిమ్‌లో ఏది ఎర్త్ అవుతోందో, బ్రైట్‌లో ఏదో తెలుస్తుంది. మూడు పిన్నులకీ పేర్లు రాసి కాగితం అంటించుకోండి.

వైరు వేయడం

బ్యాటరీ మైనస్ టెర్మినల్ ముందు విప్పండి. పని అంతా అయ్యాక చివర కలిపేదీ అదే. ప్లస్ ముందు విప్పితే స్పానర్ బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి.

రిలేలను బ్యాటరీకి దగ్గర్లో, ఇంజిన్ వేడి తగలని చోట, ఉన్న బోల్టుకే బిగించండి. పిన్నులు కిందికి చూడాలి. పైకి చూస్తే హోల్డర్‌లో వాన నీరు నిలుస్తుంది.

రిలే మీద అంకెలు చిన్నగా అచ్చు వేసి ఉంటాయి: 30, 85, 86, 87. 30కి బ్యాటరీ నుంచి కరెంటు వస్తుంది, 87 నుంచి లైటుకి పోతుంది. 85, 86 లోపలి కాయిల్‌వి. కాయిల్ లాగేది ఆంపియర్‌లో చిన్న భాగమే, అందుకే పాత స్విచ్ మీద ఇక బరువు ఉండదు. ఐదు పిన్నుల రిలేనే దొరికితే నడుమనున్న పిన్ను అంకె చూడండి. అది 87ఎ అయితే ఖాళీగా వదిలేయాలి, రిలే పని చేయనప్పుడు కరెంటు దానిలోంచే పోతుంది. పొరపాటున లైటుని దానికి కలిపితే తాళం తీసినా లైటు వెలుగుతూనే ఉంటుంది.

పాత కప్లర్లలో ఒకదాన్ని మగ కప్లర్‌కి తగిలించండి. ఇదే మీ సంకేతం. మామూలు రకం కారులో డిమ్ వైరు ఒకటో రిలే 86కి, బ్రైట్ వైరు రెండో రిలే 86కి, ఎర్త్ వైరు రెండు రిలేల 85కి. ఎర్త్ స్విచ్ రకంలో ఎప్పుడూ 12 వోల్టులుండే వైరు రెండు రిలేల 86కి, డిమ్ వైరు ఒకటో రిలే 85కి, బ్రైట్ వైరు రెండో రిలే 85కి. తేడా అంతే, రిలే అవతల పనంతా రెండు రకాలకీ ఒకటే. లోపల డయోడ్ ఉన్న రిలేలు కొన్ని ఉంటాయి కాబట్టి 86 వైపే ప్లస్ ఉండేలా చూసుకోవడం మంచిది. రెండో పాత కప్లర్‌లో కరెంటు ఇంకా ఉంటుంది. దాన్ని గాలిలో వేలాడనివ్వకుండా ప్లాస్టిక్ కవరు తొడిగి, టేపు చుట్టి, పక్కనున్న హార్నెస్‌కి (వైర్ల కట్టకి) కట్టేయండి.

ఇప్పుడు బలమైన లైను. బ్యాటరీ ప్లస్ నుంచి రెండు వైర్లు, ఒక్కోదానికీ ఒక ఫ్యూజు హోల్డర్, అక్కడి నుంచి ఒక్కో రిలే 30కి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరం లోపలే ఉండాలి. ఫ్యూజు కాపాడేది బల్బుని కాదు, వైరుని. రిలే దగ్గర ఫ్యూజు పెట్టి బ్యాటరీ దగ్గర వదిలేస్తే, ఆ మధ్య వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలినప్పుడు ఆపేవాళ్లు లేక ఇన్సులేషన్ అంటుకుంటుంది. పని పూర్తయ్యేదాకా ఫ్యూజులు పెట్టకండి.

ఒకటో రిలే 87 నుంచి రెండు లైట్ల సిరామిక్ హోల్డర్లలో డిమ్‌కి, రెండో రిలే 87 నుంచి రెండు లైట్ల బ్రైట్‌కి. రెండో వైపు లైటుకి పోయే వైరు రేడియేటర్ పైనున్న అడ్డ పట్టీ వెంబడి, ఫ్యాన్‌కి దూరంగా, గొట్టంలో పెట్టి తీసుకెళ్లండి. పదునైన రేకు అంచు దాటే ప్రతిచోటా రబ్బరు గ్రొమెట్ గానీ రెండు చుట్లు గొట్టం గానీ వేయండి. లైటు దగ్గర బల్బు మార్చడానికి చేతికి అందేంత వదులు ఉంచి, కొంచెం కిందికి వంచండి. నీరు వైరు వెంట జారి హోల్డర్‌లోకి పోకుండా ఆ వంపు దగ్గరే చుక్కలై రాలిపోతుంది.

ఎర్త్ కూడా అంతే లావు వైరుతో. రెండు లైట్ల ఎర్త్‌నీ దగ్గర్లోని బాడీ బోల్టుకి కలపండి. బోల్టు కింద పెయింట్ మెరిసే రేకు కనిపించేదాకా గీకి, పళ్లున్న వాషరు వేసి బిగించి, పైన వాజిలిన్ రాయండి. బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ పెట్టె ఉన్న కార్లలో ఎర్త్‌ని ఆ టెర్మినల్‌కి కలపకండి, బాడీకే కలపాలి. లేకపోతే సెన్సర్ లెక్క తప్పుతుంది.

అతుకుల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. వైర్లు మెలిపెట్టి నల్ల టేపు చుట్టే పద్ధతి మన తీరంలో ఒక వానకాలం దాటదు. కళింగపట్నం, బారువ, భోగాపురం లాంటి చోట్ల గాలిలోనే ఉప్పు ఉంటుంది. టేపు జిగురు వేడికి జారిపోయాక రాగి పచ్చగా మారుతుంది, అప్పుడు మళ్లీ మొదటి వోల్టేజి లోటే. లగ్గు వేసి, సరైన ప్లయర్‌తో నొక్కి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ తొడగండి. నొక్కిన ప్రతి లగ్గునీ చేత్తో గట్టిగా లాగి చూడండి. ఊడేది ఇక్కడే ఊడాలి, సుంకి ఘాట్‌లో కాదు. సాల్డర్ చేస్తే ఇంకా గట్టి అనుకుంటారు గానీ, సాల్డర్ పట్టిన చోట వైరు బిరుసెక్కి, కారు అదురుకి సరిగ్గా ఆ అంచునే విరుగుతుంది.

బల్బు గాజుని ఉత్తి చేత్తో ముట్టకండి. వేలి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి తొందరగా పోతుంది. బిగించాక వెనక రబ్బరు మూత యథాస్థానంలో పెట్టాలి. ఎల్ఈడీ తోక పట్టలేదని మూత తీసేస్తే మొదటి వానకే లైటు లోపల చెమ్మ చేరుతుంది.

ప్రొజెక్టర్ సెట్‌కి పగటి లైట్ల వైరు విడిగా వస్తుంది. దాన్ని నేరుగా బ్యాటరీకి కలిపితే తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంది. ఫ్యూజు పెట్టెలో, తాళం తిప్పితేనే కరెంటు వచ్చే చోట నుంచి, ఫ్యూజు ట్యాప్‌తో (ఉన్న ఫ్యూజు చోట గుచ్చి ఇంకో లైను తీసే ముక్కతో) చిన్న ఫ్యూజు వేసి తీసుకోండి.

వెలిగించి చూడటం

మైనస్ బిగించండి. ముందు డిమ్ ఫ్యూజు ఒక్కటే పెట్టి లైటు వేయండి. రిలే టక్కుమని, రెండు వైపులా డిమ్ వెలగాలి. తర్వాత బ్రైట్ ఫ్యూజు. పాస్ లైటు కొట్టి చూడండి. డ్యాష్‌బోర్డు మీద నీలం గుర్తు వెలుగుతోందో లేదో చూడండి, ఎర్త్ స్విచ్ రకం కార్లలో ఎల్ఈడీ పెట్టాక ఇది ఒక్కోసారి మొండికేస్తుంది. రిలే ఆగకుండా టకటకలాడితే మీ కారు లైట్లకు కరెంటుని ముక్కలు ముక్కలుగా పంపుతోందని అర్థం. దానికి వేరే రకం హార్నెస్ కావాలి, ఈ పద్ధతి అక్కడితో ఆపేయండి.

అన్నీ బాగుంటే పావుగంట బ్రైట్‌లో ఉంచి, వైర్లు, ఫ్యూజు హోల్డర్లు, లగ్గులు చేత్తో తాకి చూడండి. గోరువెచ్చన ఫరవాలేదు. ఏదైనా ఒక్కచోటే చురుక్కుమంటే ఆ అతుకు సరిగా పడలేదు. చివరగా మొదట కొలిచినట్టే వోల్టేజి లోటు మళ్లీ కొలవండి. ఇప్పుడు పావు వోల్టు దరిదాపుల్లో ఉండాలి.

లైటు సర్దడం

ఇది మానేసి రోడ్డెక్కకండి. చదును నేల, ఎదురుగా గోడ ఉంటే చాలు. రైసు మిల్లు ప్రహరీ ముందు కళ్లం లాంటి చోటు దీనికి బాగుంటుంది. టైర్లలో గాలి సరిచూసి, డ్రైవరు సీట్లో ఒకరిని కూర్చోబెట్టి, లోపలున్న లైటు ఎత్తు నాబ్‌ని సున్నాలో పెట్టండి. కారుని గోడకి ఆనించి, రెండు లైట్ల నడిబొడ్డు గోడ మీద సుద్దతో గుర్తు పెట్టుకోండి. తర్వాత నేరుగా ఏడున్నర మీటర్లు వెనక్కి తీయండి.

డిమ్ వేసి ఒక లైటు మూయండి. వెలుగు పై అంచు, పెట్టిన గుర్తుకి ఏడున్నర సెంటీమీటర్లు కిందికి ఉండాలి. పది మీటర్లకు పది సెంటీమీటర్ల వంపు అన్న లెక్క ఇది. పై అంచు ఎడమవైపు పైకి లేచే మలుపు, గుర్తుకి నేరుగా కింద పడాలి. లైటు వెనకున్న స్క్రూలలో ఒకటి పైకీ కిందికీ, ఇంకోటి పక్కలకీ కదుపుతుంది. రెండో లైటుకీ ఇలాగే. డిమ్ సరిపడితే హెచ్4లో బ్రైట్ దానంతటదే కుదురుతుంది. అంచు స్పష్టంగా కనిపించక, వెలుగు గోడంతా పొగలా పరుచుకుంటే సర్దడం వల్ల కాదు, ఆ బల్బు ఆ రిఫ్లెక్టర్‌కి సరిపోలేదు. తిరిగి ఇచ్చేయండి.

తర్వాత చూసుకోవాల్సినవి

వరి కోతలయ్యాక పొలాల ఎలుకలు ఇళ్లలోకి, అక్కడి నుంచి కారు బానెట్ కిందికి చేరతాయి. కొత్త వైరు వాటికి ఇష్టం. ఆ నెలల్లో వారానికోసారి బానెట్ ఎత్తి చూడండి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చినప్పటిలా కారు నీళ్లలో నిలిస్తే, లైటు వేసి చూసే ముందు ఫ్యూజులు తీసి, రిలేలు హోల్డర్లలోంచి ఊడదీసి ఆరబెట్టండి. పిన్నులు పచ్చబడి ఉంటే రిలే మార్చేయడమే మేలు.

ఒక రిలే, రెండు ఫ్యూజులు డ్యాష్‌బోర్డు అరలో ఎప్పుడూ ఉంచండి. దారిలో డిమ్ పూర్తిగా ఆరిపోయి, చేతిలో అదనపు రిలే లేకపోతే, లైట్లు ఆపి బ్రైట్ రిలేని పీకి డిమ్ హోల్డర్‌లో గుచ్చండి. రెండూ ఒకటే రకం. అప్పటికీ వెలగకపోతే డిమ్ ఫ్యూజు చూడండి. కొత్త ఫ్యూజు కూడా పెట్టగానే పోతే ఇంకా పెద్ద ఫ్యూజు మాత్రం పెట్టకండి, ఎక్కడో వైరు బాడీకి తగులుతోంది.